కాలువ గట్టు నాటకం

నా దగ్గర ఒక కరపత్రం ఉంది. 1986 ఫిబ్రవరిలో అచ్చయింది. పసుపు కాగితం, ఎర్ర సిరా, మడతల దగ్గర చిరిగిపోయింది. పైన 'కాలువ' అని నాటకం పేరు, కింద 'రచన, దర్శకత్వం' అని రాసి నా పేరు. అందులో దర్శకత్వం అన్నది సగం నిజం. రచన అన్నది అబద్ధం. మన బడి పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం ఇమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు, ముందు ఈ అబద్ధం సంగతి రాయాలనిపించింది. ఆ నాటకం ఆడినవాళ్ళలో నలుగురు మన బడి పిల్లలు. కథ నడిచింది కూడా మన బడి వెనక ఉన్న కాలువ గట్టు మీదే.

ఆ కాలువ గురించి ఈ సంచిక చదివేవాళ్ళకు నేను చెప్పేదేముంది? అందరం ఈత నేర్చింది అందులోనే, పలకలూ చెప్పులూ పోగొట్టుకుంది అందులోనే. సర్వి కట్టెలూ ఉప్పు బస్తాలూ వేసుకుని మద్రాసు పోయే పడవలు మధ్యాహ్నం లెక్కల పీరియడ్‌లో కిటికీలోంచి కనిపించేవి. గాలి లేనప్పుడు పడవకు తాడు కట్టి ఇద్దరు ముగ్గురు గట్టు వెంట వంగి నడుస్తూ లాగేవాళ్ళు. పెదగంజాం నుంచి తమిళదేశంలోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు పొడుగని, మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి పెట్టారని మేష్టారు చెప్పగా రాసుకున్నాం. ఎవరు తవ్వారని మేం అడగలేదు. 'దొరలు తవ్వించారు' అనేదే ఊళ్ళో మాట. తవ్వించడానికీ తవ్వడానికీ మధ్య ఎంత దూరం ఉందో నాకు ముప్పై ఏళ్ళు దాటాక తెలిసింది.

తెలుగు ఎం.ఏ. చేశాక మిషన్ వారు పెట్టిన ఒక డిగ్రీ కళాశాలలో లెక్చరర్‌గా చేరాను. కళాశాల పేరు ఇక్కడ రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. అక్కడ నాటకాలకు లోటు లేదు. డిసెంబరులో క్రిస్మస్ నాటకం, గొర్రెల కాపరులకు గడ్డాలు, దేవదూతకు తెల్లచీర. ఫిబ్రవరిలో కళాశాల దినోత్సవానికి, వరకట్నం మీదో తాగుడు మీదో ఒక సాంఘిక నాటిక. మధ్యలో మా ఆఫీసు గుమాస్తాగారు హరిశ్చంద్రలో కాటిసీను పద్యాలు అందుకునేవారు. బలిజేపల్లివారి నాటకంలో ఆ సీను వచ్చేసరికి నటులు జాషువాగారి శ్మశానం పద్యాలు చేర్చి పాడటం మన ప్రాంతంలో ఆచారమైపోయింది గదా. క్రైస్తవుడైన కవి పద్యాలు హరిశ్చంద్రుడి నోట వినడానికి ఊళ్ళకు ఊళ్ళు కదిలి వచ్చేవి. ఆ కవిని మాత్రం చాలా ఊళ్ళు గడప అవతలే నిలబెట్టాయి.

1985 జూలై 17న కారంచేడు జరిగింది. ఈ సంచిక చదివే పిల్లలకు తెలియకపోవచ్చు కనుక క్లుప్తంగా చెబుతాను. మన జిల్లాలోనే, చీరాలకు దగ్గరి ఊరు. మాదిగపల్లె వాళ్ళు తాగునీళ్ళు పట్టుకునే చెరువు దగ్గర గేదెల విషయమై మొదలైన గొడవ మర్నాటికి పల్లె మీద దాడిగా మారింది. ఆరుగురిని చంపేశారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు జరిగాయి. మిగిలినవాళ్ళు ఊరు వదిలి చీరాల చేరి శిబిరంలో ఉన్నారు. కత్తి పద్మారావుగారు, బొజ్జా తారకంగారు ముందుండి నడిపిన దళిత మహాసభ పుట్టింది ఆ శిబిరం నుంచే. మా తరగతి గదుల్లో సగం మంది పిల్లలకు అటువైపు బంధువులున్నారు. ఆగస్టులో పాఠం చెబుతుంటే వెనక బెంచీలు ఖాళీగా ఉండేవి.

ఆ ఆగస్టులోనే ఆ ఏటి నాటిక ఏమిటని పిల్లల్ని అడిగాను. కొన్నేళ్ళుగా వేస్తున్న నాటికలు రెండు చెప్పాను. బి.ఏ. రెండో ఏడాది అమ్మాయి ఒకతె, మన బడిలోనే చదివి వచ్చింది, లేచి, "సార్, ఎవరో రాసింది ఎందుకు? మా ఊళ్ళో ముసలోళ్ళు చెప్పేది వేస్తే కుదరదా?" అంది. ఏం చెబుతారని అడిగాను. "కాలవ తవ్వింది మేమేనని చెబుతారు" అంది.

నాటకం మొదలైంది అక్కడ. అందుకే రచన నాది కాదంటున్నాను.

శనివారాలు మధ్యాహ్నం నుంచి బస్సెక్కి కాలువ పక్క పల్లెలకూ పాలేలకూ పోయేవాళ్ళం. పన్నెండు పదమూడు మంది పిల్లలు, మా చరిత్ర లెక్చరర్‌గారు, నేను, అరువు తెచ్చిన ఒక పానసోనిక్ టేప్ రికార్డరు. పిల్లల్లో మాదిగలు, మాలలు, పట్టపువాళ్ళు, చీరాల వైపు నుంచి వచ్చే ఒక ముస్లిం అబ్బాయి, ఇద్దరు ముగ్గురు ఊరి కులాల పిల్లలు ఉన్నారు. ఒకే నియమం పెట్టుకున్నాం. చెప్పేవాళ్ళు ఆగేదాకా మధ్యలో మాట్లాడకూడదు. ఇది పాటించడంలో అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడింది లెక్చరర్లమే.

నూట ఎనిమిదేళ్ళ నాటి సంగతి ఎవరు చెబుతారని మా చరిత్రగారికి అనుమానం. అయితే ఎనభై ఏళ్ళ మనిషికి వాళ్ళ నాయనమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పిన మాట జ్ఞాపకం ఉంటుంది. ఆ నాయనమ్మకు కరువు ఒంటి మీద జరిగిన సంగతి. రెండు నోళ్ళ దూరమే. అందరూ దాన్ని 'ధాత కరువు' అనే అన్నారు. 1876-77 తెలుగు సంవత్సరం ధాత, దాని తర్వాతది ఈశ్వర. అంతకుముందు గుంటూరు సీమను తుడిచిపెట్టిన 1832-33 నాటి నందన కరువుకు డొక్కల కరువని ఇంకో పేరు. జనం కరువులకు బారసాల చేసి పేర్లు పెట్టుకున్నారు, మరిచిపోకుండా.

ఇక పుస్తకాల్లో దొరికింది. 1876లో నైరుతి ఋతుపవనం ముఖం చాటేసింది, తర్వాత ఈశాన్యమూ అంతే. 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ ప్రభువు దర్బారు చేసి విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించాడు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చి, కరువు పనుల్లో మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిమీద ఒక అణా చాలునని తేల్చాడు. పౌను అంటే 450 గ్రాములు. ఆ గింజలతో పొద్దస్తమానం మట్టి మోయాలి. మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టర్ కోర్నిష్ ఇది మనిషిని నిలబెట్టే తిండి కాదని పోట్లాడి, కొన్ని నెలలకు కూలి పెంచేలా చేశాడు. ఈలోగా పోయినవాళ్ళు పోయారు. ఆ రెండేళ్ళ కరువులో దేశం మొత్తం మీద చచ్చినవాళ్ళు యాభై లక్షలకు పైనే అని లెక్క.

ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉంది. అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866 నుంచి ఉన్నాడు. మిషనరీ కాకముందు అమెరికాలో భూముల సర్వే చేసినవాడు కనుక గొలుసు పట్టడం, మట్టి కొలవడం తెలుసు. కాలువ పనికి పోయిన తన సంఘంవాళ్ళను పైవాళ్ళు హింసిస్తున్నారని విని, తానే మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, కొలత లెక్కన కూలి ఇచ్చాడు. క్రైస్తవులనే కాక వచ్చినవాళ్ళనందరినీ పనిలో పెట్టుకున్నాడు. పని సాగినన్నాళ్ళూ, అంటే పదిహేను నెలల పాటు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం కలిశారనే మాట రాకూడదని ఆయన పట్టుదల. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలో దిగారు. ఆ ఏడాది చివరికి లెక్క తొమ్మిది వేలు దాటింది.

క్రైస్తవ గ్రంథాల్లో ఈ కథ చాలాసార్లు చెప్పబడింది. ఒక సంగతి మాత్రం చాలామంది గమనించరు. క్లౌగారి కన్నా ముందే మాదిగల మధ్య ఈ కదలిక తెచ్చినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారి, యోగమార్గంలో సాధన చేసినవాడు, వెదుక్కుంటూ పోయి కొత్త మతం తెలుసుకుని వచ్చి ఊరూరా చెప్పినవాడు. క్లౌ భార్య ఎమ్మా ఇలాంటి పెద్దల దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పిన కథలు రాసుకుని 1899లో చెప్పులు కుట్టేవాళ్ళ మీద ఒక ఇంగ్లీషు పుస్తకం అచ్చువేసింది. మేం టేప్ రికార్డరుతో చేసిన పని ఆవిడ కలంతో ఎనభై ఏళ్ళ ముందే చేసి పెట్టింది. కళాశాల గ్రంథాలయంలో ఆ పుస్తకం అడుగు అరలో ఉండేది. చీటీ చూస్తే నా ముందు దాన్ని తీసుకున్నవాళ్ళు ఇద్దరే.

పల్లెల్లో విన్నది పుస్తకాలతో కొంత కలిసింది, కొంత కలవలేదు. తవ్విన లోతు తెలియడానికి గుంట మధ్యలో తవ్వకుండా వదిలే మట్టి దిమ్మ గురించి ఒక పెద్దయ్య చెప్పాడు. కొలతకు ముందు రాత్రి ఆ దిమ్మ మీద ఇంకో గంపెడు మట్టి వేసి తొక్కితే లోతు ఎక్కువ పడేదట, కూలి ఎక్కువొచ్చేదట. "మా తాత ఆ పనిలో దిట్ట" అని ఆయన గర్వంగా చెబితే పిల్లలు పడీపడీ నవ్వారు. మా చరిత్రగారు మాత్రం ఇది ఏ రికార్డులోనూ ఉండదని బస్సులో తిరిగొచ్చేంతసేపూ ఆనందపడుతూనే ఉన్నారు.

అవ్వ సంగతికి వస్తాను. కాలువకు అటుపక్క పల్లెలో చిట్టచివరి ఇల్లు. ఎనభై పైనే ఉంటాయి. మొదటి శనివారం నన్ను "బాబుగారూ" అంది. ఏ ఊరు, ఎవరబ్బాయి అని అడిగింది. చెప్పాను. మా ముత్తాత, తాత ఆ ఊరి కరణాలు. పల్లెలో క్రైస్తవం పుచ్చుకుని, ఆదివారం పనికి రామన్నవాళ్ళను, జాతరలో డప్పు కొట్టమన్నవాళ్ళను కరణాలు, మునసబులు ఎన్ని పెట్టారో మిషన్ పుస్తకాల నిండా ఉంది. అవ్వ కాసేపు నా ముఖం చూసి, "కూసోండి" అని నులక మంచం చూపించింది. ఆ రోజు ఏమీ చెప్పలేదు. మూడో శనివారం చెప్పింది. అప్పటికి నేను 'నాయనా' అయ్యాను.

ఆమె నాయనమ్మ సంకలో పిల్లతో మట్టి మోసింది. పని జాగాలో తాగునీళ్ళ బావి ఉంది. మాదిగలు చేద ముట్టకూడదు, ఎవరైనా తోడి దోసిట్లో పోయాలి. మోసేవాళ్ళందరికీ ఒకటే దప్పిక, పోసేవాళ్ళు లేరు. ఎండ నెత్తి మీది నుంచి పడమటికి తిరిగింది. సంకలో పిల్ల ఏడవడం మానేసింది. నాయనమ్మ తట్ట కింద పెట్టి, పిల్లను గట్టు మీద పడుకోబెట్టి, తిన్నగా పోయి చేద వేసి తోడుకుంది. చుట్టూ ఊరివాళ్ళు ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదట.

"ఎందుకని అవ్వా?" అని మా అమ్మాయి నియమం మరిచిపోయి అడిగేసింది.

"కొట్టటానికి గూడా ఓపిక ఉండాలి గదమ్మా" అంది అవ్వ. తర్వాత, "పిల్ల దక్కలా" అంది.

ఆ సాయంత్రం బస్సులో ఎవరమూ మాట్లాడలేదు. కారంచేడుకు అప్పటికి మూడు నెలలు.

రిహార్సళ్ళు నవంబరులో మొదలయ్యాయి. కాగితం మీద సీను రాసుకుని వెళ్ళే అలవాటు నాది. మొదటి రోజు రాసుకెళ్ళిన సంభాషణలు పిల్లలు చదివితే అచ్చం వరకట్నం నాటికలాగే వినిపించింది. చింపేశాను. తర్వాత వరస మారింది. విన్న కథల్లోంచి ఒకటి తీసుకుని, "నువ్వు అక్కడ ఉంటే ఏం చేస్తావు, చేసి చూపించు" అనేవాణ్ణి. చేసింది బాగుంటే మళ్ళీ చేసేవాళ్ళు, ఒకతె నోటుపుస్తకంలో రాసేది. మట్టి తట్ట చేతులు మారుతూ వరసలో పోయే సీను ఇలాగే వచ్చింది. ఇరవై ముగ్గురు నిలబడి, ఏమీ లేని తట్టను బరువుగా అందించుకోవడం నేర్చుకోవడానికి వారం పట్టింది. నిజంగా మట్టి పోసి ఒకరోజు మోయించాక గానీ ఆ బరువు వాళ్ళ నడుముల్లోకి రాలేదు. ఆడపిల్లలకు ఆఖరి బస్సు ఏడున్నరకు, అందుకని ఏడింటికల్లా ముగించేవాళ్ళం.

ఇలా అందరూ కలిసి నాటకం కట్టుకునే పద్ధతికి దేశాల్లో పేర్లున్నాయని, బ్రెజిల్‌లో అగస్తో బోల్, బెంగాల్‌లో బాదల్ సర్కార్ ఇలాంటి దారుల్లోనే నడిచారని చాలా ఏళ్ళకు చదివాను. అప్పుడు మాకు తెలిసినదల్లా ప్రజానాట్యమండలి పేరు, 'మా భూమి' పేరు. ముస్లిం అబ్బాయికి మాత్రం నాజర్‌గారి బుర్రకథ నోటికి వచ్చు. కరువు లెక్కలు, టెంపుల్ కూలి, ఢిల్లీ దర్బారు అన్నీ అతను ఆ వరసలో మాటలు కట్టుకుని చెప్పేస్తుంటే, నేను మూడు తరగతుల్లో చెప్పలేనిది ఐదు నిమిషాల్లో అయిపోయేది.

పెద్ద తగాదా డప్పు దగ్గర వచ్చింది. కరువుకు, జాతరకు, ఊరేగింపుకు డప్పు లేకుండా ఎట్లా అని మగపిల్లలు పట్టుపట్టారు. కారంచేడు తర్వాత సభల్లో డప్పు మోగుతోంది, అది మా జాతి సొత్తు అన్నారు. వాయించాల్సిన కుర్రాడు వాళ్ళ తాతను అడగడానికి పోయాడు. ఆ పెద్దాయన మర్నాడు స్వయంగా కళాశాలకు వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో బైబిలు. "అయ్యగారూ, జాతరలో వాయించనన్నందుకు మా తాతను రచ్చబండకు కట్టి కొట్టారు. ఆ దెబ్బలు తిని ఆయన దించిన డప్పు మా వాడి మెడలో మళ్ళీ వేస్తారా?" అన్నాడు. కట్టించింది కరణంగారని కూడా అన్నాడు. ఏ ఊరి కరణమని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కుర్రాళ్ళు తాతతో వాదించారు. ఇప్పుడు ఎవరి కోసమో కొట్టడం లేదు, మా కోసం కొడుతున్నాం అన్నారు. ఆయన కదలలేదు. రెండు వైపులా న్యాయం ఉంది. నేను తీర్పు చెప్పగలిగినవాణ్ణి కాను, చెప్పదగినవాణ్ణి అంతకన్నా కాను. చివరికి పిల్లలే దారి వెతికారు. తట్టలు బోర్లించి వాటి అడుగున అరచేత్తో కొట్టారు. ఆనాడు ఉన్నవి ఈతబద్దల గంపలని, ఇనప తట్టలు కావని మా చరిత్రగారు ఆఖరి రిహార్సలు దాకా గొణుగుతూనే ఉన్నారు. పెద్దాయన మాత్రం విని, "ఇది వేరే చప్పుడులే" అన్నాడు.

ఇంకో గొడవ ముగింపు మీద. సంఘ పెద్దలు కొందరికి గుండ్లకమ్మ బాప్తిస్మం ఘట్టం ఆఖరున రావాలి, తెల్లబట్టలు, కీర్తన. ఊరి కులాల పిల్లల్లో ఒకడు, "గంజి కోసం కలిశారు అంటారు గదా సార్, అదీ చూపిద్దామా" అన్నాడు. మాటకు మాట పెరిగింది. అప్పుడు విశ్రాంత పాస్టరు ఒకాయన పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపిన సంగతి, సాయం సొమ్ము ఇక లేదని చెప్పాక కూడా జనం వచ్చిన సంగతి పుస్తకం తెచ్చి చదివి వినిపించారు. దాంట్లోంచి సీను పుట్టింది. బోధకుడు ఏటి ఒడ్డున నిలబడి ఒక్కొక్కరినీ అడుగుతాడు: పని అయిపోయింది, గింజలు లేవు, కూలి లేదు, ఎందుకొచ్చావు? దీనికి జవాబు ఎవరికీ రాసివ్వలేదు. ఎవరింట్లో ఏం విన్నారో అది చెప్పాలి. "డప్పు దించుకోవటానికి" అన్నాడొకడు. "మా అమ్మ దిగింది, వెనకే దిగా." "చచ్చిన గొడ్డు తినకుండా ఉండటానికి." "పేరు పెట్టి పిలుస్తారని." ఒకమ్మాయి ప్రతిసారీ, "నాకు తెలీదు, మా వాళ్ళు చెప్పలా" అనేది.

కరణం వేషానికి ఎవరూ దొరకలేదు. మొదటి రోజు లేచిన అమ్మాయే, "సార్, ఆ వేషం మీరే వేయాల" అంది. నవ్వులాటకు అందేమోనని చూశాను, నవ్వడం లేదు. వేశాను. మా ఇంట్లో తాతగారి కండువా ఉంటే అదే వేసుకున్నాను.

ఫిబ్రవరిలో ప్రదర్శనకు మూడు రోజుల ముందు యాజమాన్యంవారు పిలిచారు. నాటకం మంచిదే, మిషన్ చరిత్ర గనక సంతోషమే, కానీ బావి సీను తీసేయండి అన్నారు. నీళ్ళ గొడవ మీద జిల్లా ఇంకా రగులుతోంది, పోలీసు అనుమతి కష్టం, ముఖ్య అతిథిగా వచ్చేవాళ్ళకు ఇబ్బంది. కోపంగా చెప్పలేదు, టీ ఇప్పించి మెల్లగా చెప్పారు. నాకు ఇంకా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. తీసేస్తానన్నాను. పిల్లలకు ప్రదర్శన రోజు మధ్యాహ్నం చెప్పాను, ముందే చెబితే మానేస్తారని. నావి రెండు తప్పులు. రెండోది మొదటిదాని కన్నా పెద్దది.

ఆ రాత్రి హాలు నిండింది. దిమ్మ మీద మట్టి వేసే సీనుకు ఈలలు, తట్టల వరసకు నిశ్శబ్దం, చప్పట్లు, అన్నీ వచ్చాయి. రెండో వరసలో అవ్వ కూర్చుంది. మనవడు బస్సులో తీసుకొచ్చాడు, జీవితంలో ఆమె చూసిన మొదటి నాటకం. అయిపోయాక ఆమె దగ్గరకు వెళ్ళాను, కరణం కండువాతోనే. నా చెయ్యి పట్టుకుని, "బాగా మోశారు" అంది. తర్వాత అటూ ఇటూ చూసి, "నీళ్ళేయి నాయనా?" అని అడిగింది.

ఏదో చెప్పాను, టైము చాల్లేదని. ఆమె తలూపింది. "అట్నా" అంది.

ఆ నెల్లోనే నాటకం అంతర్ కళాశాలల పోటీకి పోయి, ఉత్తమ రచన అని నాకు స్టీలు కప్పు ఇచ్చారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నోటుపుస్తకం రాసిన అమ్మాయి కొట్టలేదు. తర్వాత మూడు వారాలు నాతో మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు, "సార్, ఆ కప్పు మీద మా పేర్లు పట్టవులెండి, చిన్నది" అని మాత్రం అంది.

పరీక్షలయ్యాక మేలో, ఎవరి అనుమతీ అడగకుండా, పల్లెలోనే కాలువ గట్టు మీద వేశాం. వేశాం అనకూడదు, వాళ్ళు వేస్తుంటే నేను పోయాను. రెండు పెట్రోమాక్సు లైట్లు, తెర లేదు. పడవలవాళ్ళు పడవలు కట్టేసి వాటి మీద కూర్చుని చూశారు. ఈసారి బావి సీను ఉంది. అవ్వ పాత్ర వేసే అమ్మాయి తట్ట కింద పెట్టగానే, ముందు వరసలో ఉన్న అవ్వ లేచి, కర్ర ఊతంతో నడుచుకుంటూ వచ్చి, ఆ పిల్లను పక్కకు జరగమని సైగ చేసింది. తానే చేద వేసినట్టు చేతులు కదిపి, తోడి, వంగి, గట్టు మీద పడుకోబెట్టిన గుడ్డమూటకు నీళ్ళు తాగించినట్టు చేసింది. మాట్లాడలేదు. నాటకంలో ఆ పిల్ల చచ్చిపోవాలి. ఆమె చాలాసేపు నీళ్ళు తాగిస్తూనే ఉంది. తట్టలు కొట్టేవాళ్ళు ఆపేశారు. ఆ తర్వాత సీను ఎలా నడపాలో ఎవరికీ తోచక, అందరం అలాగే నిలబడ్డాం. కరణం వేషంలో ఉన్న నేను అప్పుడు "ఎవరే అది బావి దగ్గర" అని గద్దించాలి. నా నోరు లేవలేదు. ముత్తాత నాటి కరువులో ఏ ఓపిక లేక ఊరుకున్నారో వాళ్ళ మాట వేరు. నేను ఊరుకున్నది సిగ్గుతో.

ఆ తర్వాత ఆ నాటకం ఇంకెక్కడా వేయలేదు. పిల్లలు చదువులైపోయి ఉద్యోగాలకూ కాపురాలకూ వెళ్ళారు. అవ్వ రెండేళ్ళకు పోయింది. మన బడి నుంచి వచ్చిన నలుగురిలో ఇద్దరు టీచర్లయ్యారు, ఒకరు పాస్టరు, ఒకరు ఇప్పుడు లేరు. నేను కళాశాలలో రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ నాటిక వేయించాను. కరపత్రాల మీద 'రచన' అన్న చోట మళ్ళీ నా పేరు వేయించలేదు. కానీ ఆ మొదటి కరపత్రం అలాగే ఉండిపోయింది. పోయినేడాది కూడా ఒక పరిశోధక విద్యార్థి దాన్ని చూసి నన్ను నాటక రచయిత అని రాసుకుపోయాడు.

అందుకని సంఘం పెద్దలకు మూడు వస్తువులు ఒప్పజెబుతున్నాను, బడి గ్రంథాలయంలో పెట్టమని. ఆ ఇరవై ముగ్గురి పేర్లు, కథలు చెప్పిన పల్లె పెద్దల పేర్లు రాసిన జాబితా ఒకటి. వాళ్ళనో వాళ్ళ బిడ్డలనో అడిగి, ఒప్పుకుంటే అచ్చువేయవచ్చు. ఆ అమ్మాయి దస్తూరితో ఉన్న నోటుపుస్తకం ఒకటి. ఆమే నన్ను దాచమని ఇచ్చింది, ఇప్పుడు బడికి ఇవ్వడానికి ఒప్పుకుంది. మూడు క్యాసెట్లు. మొదటిదానికి బూజు పట్టింది, మూడోది బాగానే ఉంది. రెండోది పెట్టేవాళ్ళు జాగ్రత్తగా తిప్పాలి, టేపు ఒకచోట తెగితే సెల్లోటేపుతో అతికించాను. అవ్వ మాట ఆ అతుకు తర్వాతే మొదలవుతుంది.